అరువు గొంతు, సొంత గొంతు: అదితి రావ్ హైదరి నటన

వనపర్తి జిల్లా శ్రీరంగాపురంలోని రంగనాయకస్వామి ఆలయాన్ని మీలో కొందరు చూసే ఉంటారు. 2024 సెప్టెంబరులో నటి అదితి రావ్ హైదరి వివాహం అక్కడే జరిగింది. ఆమె తల్లి, ఠుమ్రీ గాయని విద్యా రావు, వనపర్తి సంస్థానాధీశుడు జె. రామేశ్వరరావు కుమార్తె. కనుక ఆమెను 'రాజుగారి మనవరాలు' అనడం మనకు సహజమే. విమర్శకు మాత్రం ఆ బంధుత్వం అక్కరకు రాదు. నటిని నటనతోనే కొలవాలి. అయితే ఇక్కడే ఒక చిక్కుంది. తెరపై మనం చూసి, వినే నటన అంతా ఆమెదేనా?

1932లో 'భక్త ప్రహ్లాద'లో సురభి కమలాబాయి నటించినప్పుడు ఈ ప్రశ్న లేదు. రంగస్థలం నుంచి వచ్చిన ఆమె తన మాట తానే పలికింది, తన పాట తానే పాడింది. తర్వాత నేపథ్యగానం వచ్చి పాటను, డబ్బింగ్ వచ్చి చాలామంది నటీమణుల మాటను వేరుచేశాయి.

అదితి లీలా శాంసన్ వద్ద భరతనాట్యం నేర్చుకుంది. తమిళ చిత్రం 'శృంగారం'లో దేవదాసి పాత్రకు ఆ శిక్షణే ఆధారం. మణిరత్నం చిత్రం 2017లో 'చెలియా'గా తెలుగులోకి వచ్చినప్పుడు ఆమె కళ్లను చూశాం, మరొకరి గొంతు విన్నాం. ఆ నటనలో సగాన్నే మనం ఆమె ఖాతాలో వేయగలం.

మరుసటి ఏడాది మోహనకృష్ణ ఇంద్రగంటి తీసిన 'సమ్మోహనం'లో పరిస్థితి మారింది. అందులో ఆమెది తెలుగు సరిగా రాని సినీతార సమీర పాత్ర. సినిమాలంటే చిన్నచూపు ఉన్న చిత్రకారుడు విజయ్ ఆమెకు సంభాషణలు పలకడం నేర్పుతాడు. ఈ పాత్రకు అదితి స్వయంగా తెలుగులో డబ్బింగ్ చెప్పుకుంది. గమనించండి: పదం కోసం ఆగడం, ఒత్తు దగ్గర తడబడడం ఇక్కడ దోషాలు కావు, అవే పాత్ర స్వభావం. వేరే గాత్రం స్పష్టంగా పలికి ఉంటే విజయ్ పాఠాలకు అర్థమే ఉండేది కాదు. నా దృష్టిలో ఆమె తెలుగు పాత్రల్లో ఇదే ఉత్తమం. అయితే ఒక అభ్యంతరం న్యాయమైనదే. ఆ యాస ఈ పాత్రకు అమరింది. పాలమూరు పల్లెపడుచు పాత్రకు అమరుతుందా? అమరదనే అనుకుంటాను.

2020లో మలయాళ చిత్రం 'సూఫియుమ్ సుజాతయుమ్'లో ఆమె మాటలు రాని సుజాత. అక్కడ అరువు గొంతుకు చోటే లేదు. 2024 నాటి 'హీరామండీ'లో బిబ్బోజాన్ నడకను అందరూ మెచ్చుకున్నారు. నాకు మాత్రం నడక కంటే ఆమె ఉర్దూ పలుకుబడిలోని నిదానం నచ్చింది.

అభ్యాసం: 'సమ్మోహనం'లో విజయ్ సమీరకు సంభాషణలు నేర్పే సన్నివేశాన్ని మొదట శబ్దం తీసేసి, తర్వాత శబ్దంతో చూడండి. రెండోసారి మీకు కొత్తగా తెలిసినదేమిటో పది వాక్యాల్లో రాయండి.