ఏ స్త్రీ? ఎక్కడి సాహిత్యం?

కరీంనగర్, ఆదిలాబాద్ వైపు కాలేజీల తెలుగు శాఖల నోటీసు బోర్డుల మీద జాతీయ సదస్సుల బ్రోషర్లు కనిపిస్తూనే ఉంటాయి. 'సాహిత్యం - స్త్రీ - సమాజం', 'తెలుగు సాహిత్యం - స్త్రీవాద దృక్పథాలు'... పేర్లు ఇంచుమించు ఇలాగే ఉంటాయి. కింద పురాణాల నుంచి ప్రపంచీకరణ దాకా పాతిక ఉపాంశాలు, చివర 'మొదలైనవి'. ఇంత విశాలమైన ఆహ్వానాన్ని తప్పు పట్టడమెందుకు అనిపించవచ్చు. కానీ అందులో ప్రశ్న ఎక్కడుంది?

ప్రశ్న లేని చోట పత్రాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. మొల్ల మీద ఒకరు, ఓల్గా మీద మరొకరు పది నిమిషాలు చదివి, సర్టిఫికెట్ తీసుకుని బస్సెక్కుతారు. దీని వెనక ఒక లెక్కుంది. యూజీసీ 2018 నిబంధనలు పత్రసమర్పణకు మన దేశంలో జరిగే అంతర్జాతీయ సదస్సుకైతే 5, జాతీయ సదస్సుకైతే 3, రాష్ట్రస్థాయి సదస్సుకైతే 2 పాయింట్లు పెట్టాయి. ఊరి పేరు, కాలం పేరు పెడితే సదస్సు స్థాయి తగ్గిపోతుందేమోనన్న భయం అక్కడి నుంచే వస్తుంది.

నష్టం పాయింట్లతో ఆగదు. 'స్త్రీ' అన్న ఒక్క మాటలో అందరినీ కలిపేయొద్దని దళిత స్త్రీలు ఎప్పుడో చెప్పారు. 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన 'నల్లపొద్దు' దళిత స్త్రీల సాహిత్యాన్ని ఒకచోట చేర్చి మన ముందు పెట్టింది. అయినా బ్రోషర్ మళ్లీ కులమూ ఊరూ పనీ లేని స్త్రీనే పిలుస్తోంది. 'దళిత, గిరిజన స్త్రీలు' ఎక్కడో పదిహేడో ఉపాంశం.

ఈ నేలమీద ప్రశ్నలకు కరువా? బీడీలు చుట్టే ఆడవాళ్లు కరీంనగర్ కథల్లో ఎంతమేరకు కనిపిస్తారు? 1978 జగిత్యాల జైత్రయాత్ర గురించీ, 1981 ఇంద్రవెల్లి కాల్పుల గురించీ వచ్చిన సాహిత్యంలో స్త్రీ ఎవరి గొంతుతో మాట్లాడింది? గోండి, కొలామీ స్త్రీల పాటల్ని తెలుగు శాఖ ఎలా చదవాలి?

'ఇంత చిన్న అంశానికి పత్రాలు రావు' అంటారు నిర్వాహకులు. పది వస్తే చాలదా? 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' తెలంగాణ సాయుధ పోరాటంలోని స్త్రీల దగ్గరికి వెళ్లి, వాళ్ల మాటలు విని రాసిన పుస్తకం. ఒక ప్రాంతం, ఒక కాలం, ఒక ప్రశ్న. దాని బలమంతా అక్కడే ఉంది.

ఇకమీదట అలాంటి బ్రోషర్ చేతికొస్తే, పత్రం పంపేముందు అడుగుదాం: మీరు పిలుస్తున్నది ఏ స్త్రీ గురించి మాట్లాడడానికి? మనమే నిర్వాహకులమైతే, ఆ జవాబును బ్రోషర్ మొదటి వాక్యంలోనే రాద్దాం.