విత్తనము – విద్య

అమెరికా ఆర్థికవేత్త థియొడోర్ షుల్ట్జ్ 1964లో ‘ట్రాన్స్‌ఫార్మింగ్ ట్రెడిషనల్ అగ్రికల్చర్’ అను గ్రంథమును ప్రకటించెను. పేద రైతు తెలివితక్కువవాడు కాడు. తనకున్న విత్తనముతో, పనిముట్లతో రాబట్టదగినదంతయు రాబట్టుచునే యున్నాడు. క్రొత్త సాధనములును, వానిని వాడు జ్ఞానమును లభించినచో ముందుకు సాగును. ఇదియే గ్రంథకర్త వాదము.

దీనికి బలమైన నిదర్శనము తరువాత మన దేశముననే లభించినది. తాతలనాటి పంటకు తాతల అనుభవమే చాలును. 1960వ దశకము నడుమ పొట్టిరకపు గోధుమ, వరి వంగడములు వచ్చిన పిమ్మట ఎరువు మోతాదు, నీటి అదను క్రొత్తగా నేర్వవలసి వచ్చెను. దిగుబడి పెరిగినచోట ప్రాథమిక విద్యవలన కలుగు లాభము కూడ పెరిగినదని ఫాస్టర్, రోజెన్‌జ్వైగ్ అను పరిశోధకులు 1996లో చూపిరి.

కాని షుల్ట్జ్ దృష్టి సేద్యము చేయు రైతుపైననే నిలిచినది. భూమిలేని కూలివాని సంగతి ఏమి? ఆ పరిశోధకులే 2004లో రెండవ ప్రక్కను చూపిరి. భూమిగల ఇండ్ల పిల్లలు బడికి పోగా, పొలమున వారి పని భూమిలేని ఇండ్ల పిల్లలపై పడినది. వీరి చదువు తగ్గినది. క్రొత్త విత్తనము చదువునకు విలువ తెచ్చును గాని, పేదపిల్లవానిని బడిలో నిలుపదు. అందులకు వేరు ఏర్పాటు కావలెను. గ్రంథమున చాలని భాగమిదియే.