ఆంధ్రభాషాచరిత్ర పరిశోధనము: సిద్ధాంతము, సామగ్రి

విశ్వవిద్యాలయములయందు జరుగు భాషాపరిశోధనమునకు విలువ కట్టుటలో నొక యలవాటు పాదుకొని యున్నది. గ్రంథకర్త తేల్చిన సిద్ధాంతము నిలిచినదా, గ్రంథమును మెచ్చుదురు. నిలువలేదా, దానిని మూలఁబెట్టుదురు. ఈ తూకము సరియైనదగునా యని పరీక్షించుటకుఁ జిలుకూరి నారాయణరావుగారి ‘ఆంధ్రభాషాచరిత్రము’ తగిన యొఱగల్లు. ఆ గ్రంథమునందలి ప్రధానసిద్ధాంతమును నేఁటి భాషాశాస్త్రజ్ఞు లంగీకరింపరు. అయినను గ్రంథము నిలిచియే యున్నది. దీనికిఁ గారణ మరయుట యావశ్యకము.

తెలుఁగు పుట్టుకను గూర్చిన వివాదము క్రొత్తది కాదు. 1816లో క్యాంబెలు వ్యాకరణమునకుఁ బీఠికగా ఎల్లిసు దొర వ్రాసిన వ్యాసమునందే తెలుఁగు, తమిళము, కన్నడము మున్నగు భాషలు సంస్కృతజన్యములు కావనియు, నొక్క కుటుంబమునకుఁ జెందినవనియు వాదము గలదు. 1856లో కాల్డ్వెలు ఆ కుటుంబమునకు ద్రావిడనామమును స్థిరపఱచెను. దేశమునందలి వైయాకరణసంప్రదాయము మాత్రము తెలుఁగును సంస్కృతప్రాకృతముల వికృతిగానే తలంచుచు వచ్చినది. 1926లో నేర్పడిన ఆంధ్రవిశ్వకళాపరిషత్తు 1937లో నారాయణరావుగారి గ్రంథమును రెండు సంపుటములుగాఁ బ్రకటించెను. ‘కవిత్వతత్త్వవిచారము’తో విమర్శమునకుఁ గ్రొత్తత్రోవ చూపిన కట్టమంచి రామలింగారెడ్డిగా రప్పుడు దానికి వైస్ ఛాన్సలరు. కాల్డ్వెలు మతమును గాదని, తెలుఁగు ప్రాకృతములనుండియే పరిణమించినదని వాదించు గ్రంథము విశ్వవిద్యాలయము పేర వెలువడుట సాహసము, మెచ్చఁదగిన సాహసము.

ఆ వాదమునందలి లోప మెక్కడ? రెండు భాషలయందలి మాటలు వినుట కొక్కతీరుగా నుండుట బంధుత్వమునకు సాక్ష్యము కాదు. వానియందలి భేదము నియమము ననుసరించి మరల మరలఁ గానవచ్చుటయే సాక్ష్యము. కన్నడమున ‘కెడు’ అనుచోటఁ దెలుఁగున ‘చెడు’. ‘కివి’ అనుచోట ‘చెవి’. ‘కెఱె’ అనుచోట ‘చెఱువు’. ఇకార ఎకారములకు ముందున్న కకారము తెలుఁగునఁ జకార మైనదను నొక్క సూత్రము ఈ మూఁటికిని జాలును. పోలికకన్న నీ నియతియే ప్రబలము. సర్వనామములు, సంఖ్యావాచకములు మున్నగు మూలాంగములను బరిశీలించినపు డిట్టి నియతి తెలుఁగునకు ద్రావిడభాషలతోఁ గానవచ్చునే కాని ప్రాకృతముతోఁ గానరాదు. ప్రాకృతముతోఁ దెలుఁగునకుఁ గల సంబంధము గొప్పదే, పురాతనమైనదే. కాని యది పుట్టుకవలనఁ గలిగినది కాదు, ఇచ్చిపుచ్చుకొనుటవలనఁ గలిగినది. అప్పుల చిట్టాను వంశవృక్షముగాఁ జదువుటయే యాగ్రంథమునందలి పొరపాటు.

ఈ పొరపాటునకు దిద్దుబాటు దూరమునుండి రాలేదు. అదే విశ్వవిద్యాలయమునఁ దెలుఁగు బోధించిన గంటి జోగిసోమయాజిగారు 1947లో ‘ఆంధ్రభాషావికాసము’ను వెలువరించి, ద్రావిడవాదమును దెలుఁగు పాఠకుల యెదుట నిలిపిరి. అక్కడనే చదివిన భద్రిరాజు కృష్ణమూర్తిగారు తెలుఁగు ధాతువులపై 1957లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమునఁ బట్టము పడసిన సిద్ధాంతవ్యాసము 1961లో ఆంగ్లగ్రంథమై వెలువడినది. తమిళమునందలి ‘ఇరండు’, ‘ఉరల్’, ‘అవన్’ అనువానికిఁ దెలుఁగున ‘రెండు’, ‘రోలు’, ‘వాఁడు’ అనునవి సరియగును. మొదటి యచ్చు హల్లునకు వెనుకకుఁ జరిగినది. ఇట్టి మార్పు కుయి, కువి, కొండ మున్నగు భాషలయందును గలదు. ఇట్టి సామ్యములను గూర్చి, తెలుఁగు వానితోడను గోండితోడను నొక శాఖగాఁ జేరునని కృష్ణమూర్తిగారు తేల్చిరి. తెలుఁగు ద్రావిడమా, కాదా యను ప్రశ్న యంతటితో వెనుకఁబడి, ద్రావిడములలో దేనికి దగ్గఱ యను సూక్ష్మతరమైన ప్రశ్న ముందునకు వచ్చినది.

ఇంతమాత్రమున 1937 నాఁటి గ్రంథము వ్యర్థ మగునా? కాదు. శాసనములయందలి భాషను బ్రమాణముగాఁ గైకొని, కావ్యభాషకు వెలుపలనున్న రూపములను గూడఁ జరిత్రలోనికిఁ దెచ్చిన శ్రమ సిద్ధాంతముతోఁ గూలిపోలేదు. ప్రాచీనశాసనములందలి ఴకారము పిమ్మట డకారములోఁ గలిసి, ‘చోఴ’ యనునది ‘చోడ’ యైనదని చూపుటకు శాసనరూపమే యాధారము. ఏ వాదమువారికైనను దానితోఁ బని గలదు. 1969లో కోరాడ మహాదేవశాస్త్రిగారి చారిత్రకవ్యాకరణమును, 1971లో బూదరాజు రాధాకృష్ణగారి ప్రాచీనశాసనభాషాపరిశీలనమును వేఱు సిద్ధాంతముతో నీ శాసనక్షేత్రమునే దున్నినవి. మఱియొక గుణమును గలదు. నారాయణరావుగారు తెలుఁగు చరిత్రను దెలుఁగువారికిఁ దెలుఁగుననే చెప్పిరి. 1961 నాఁటి గ్రంథఫలితములు ఆంగ్లమున వెలువడుటచే సామాన్యపాఠకునికిఁ జాలకాలము దూరముగా నుండెను. 1974లో కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున ‘తెలుగు భాషా చరిత్ర’ వెలువడిన పిమ్మటఁ గాని యా కొఱఁత తీరలేదు. సిద్ధాంతమునఁ దప్పినవాఁడు పాఠకునిపట్ల తప్పకుండుటయు, సిద్ధాంతమున నెగ్గినవాఁడు పాఠకునికి ఋణపడి పిదపఁ దీర్చుటయు నిందుఁ జూడఁదగినవి.

ఈ చరిత్రనుండి తేలు నంశ మొక్కటి. పరిశోధనగ్రంథమునకుఁ బ్రాణము దాని నిర్ణయము కాదు. ఖండనమునకు లోఁబడఁగల ప్రకటనము. ‘ఆంధ్రభాషాచరిత్రము’ అచ్చుపడినది కనుకనే చదువఁబడినది. చదువఁబడినది కనుకనే ఖండింపఁబడినది. ఆ ఖండనమే శాస్త్రమును ముందునకు నడిపినది. నేఁడు విశ్వవిద్యాలయములందుఁ బట్టములు పడయు సిద్ధాంతవ్యాసము లనేకము. వానిలో నొకకవి జీవితమును, కృతులను వరుసగాఁ జెప్పి చాలించునవి యెక్కువగాఁ గానవచ్చును. ఎవ్వరును గాదనుటకు వీలులేని మాటలే చెప్పుటచే నవి యెవ్వరిచేతను గాదనఁబడక పరీక్షకుల యంగీకారముతో బీరువాఁ జేరుచున్నవి. తప్పు లేకుండుటచేఁ గాదు, వాదమే లేకుండుటచే వానికిఁ బ్రత్యుత్తరము రాదు. తప్పైనను బ్రత్యుత్తరమునకుఁ దగినంత గట్టిగాఁ జెప్పిన మాటయుఁ, దప్పును దిద్దుకొనుటకుఁ జాలినంత సామగ్రియు నుండుటయే యుత్తమపరిశోధనమునకు లక్షణము. ఆ రెండును గలవాఁడు కనుకనే నారాయణరావుగారు వాదమున నోడియుఁ దెలుఁగు భాషాశాస్త్రమునకు మేలు చేసినవా రైరి.