సాక్షిని అడిగే ప్రశ్న: కోర్టు చిత్రాల కిటుకు

కోర్టు సినిమాకు ప్రాణం లాయరు ఉపన్యాసం కాదు, సాక్షిని అడిగే ప్రశ్న. సాక్షి నిబ్బరంగా చెప్పిన మాటను క్రాస్ ఎగ్జామినేషన్‌లో పోగు పోగుగా విప్పడం మీదే ఈ చిత్రాలు నడుస్తాయి. హాలీవుడ్ ఆ పని కన్నీళ్లతోనూ చేసింది, నవ్వులతోనూ చేసింది. రెండింటి పనితనం మాత్రం ఒకటే.

గంభీరమైన వాటిలో ఆటో ప్రెమింజర్ తీసిన ‘అనాటమీ ఆఫ్ ఎ మర్డర్’ (1959)ది మొదటి వరస. మూలనవల రాసింది మిషిగన్ రాష్ట్ర సుప్రీంకోర్టు జడ్జి జాన్ వోల్కర్. రాబర్ట్ ట్రేవర్ అనేది ఆయన కలం పేరు. సినిమాలో జడ్జిగా కూర్చున్న జోసెఫ్ వెల్చ్ కూడా నటుడు కాదు, 1954లో సెనేటర్ మెకార్తీని విచారణలో నిలదీసిన అసలు సిసలు లాయరు. హత్య ఎలా జరిగిందో ప్రెమింజర్ ఒక్క ఫ్లాష్‌బ్యాక్‌లోనైనా చూపించడు. జూరీకి తెలిసినంతే ప్రేక్షకుడికీ తెలుస్తుంది. చివర్లో జార్జ్ సి. స్కాట్ వేసిన ప్రాసిక్యూషన్ లాయరు ఒక యువతిని హతుడి ప్రియురాలిగా నిరూపించబోతాడు. హతుడు తన తండ్రి అని ఆమె చెప్పడంతో అతని వాదన కుప్పకూలుతుంది. జవాబు తెలియని ప్రశ్న క్రాస్‌లో వేయకూడదన్న లాయర్ల తొలి పాఠానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

సిడ్నీ లుమెట్ మొదటి చిత్రం ‘12 యాంగ్రీ మెన్’ (1957)లో విచారణ దాదాపు కనిపించదు. కథంతా జూరీ గదిలోనే. మొదట కంటి ఎత్తుకు పైనుంచి చూసే కెమెరా క్రమంగా కిందికి దిగుతుంది, లెన్సులు మారి గోడలు దగ్గరవుతాయి. ఉక్కపోత ప్రేక్షకుడికీ తగులుతుంది. సినిమాగా వంక పెట్టలేం గానీ చట్టం లెక్కన తప్పుంది: హెన్రీ ఫోండా పాత్ర హత్యాయుధం లాంటి కత్తిని తానే కొని తెస్తాడు. జూరర్ సొంతంగా సాక్ష్యం సేకరించకూడదు. నానావతి కేసు తర్వాత మన దేశంలో జూరీ పద్ధతి క్రమంగా కనుమరుగైనా, బాసు చటర్జీ ఇదే కథను ‘ఏక్ రుకా హువా ఫైస్లా’ (1986)గా హిందీలో తీసి మెప్పించాడు.

బిల్లీ వైల్డర్ ‘విట్‌నెస్ ఫర్ ది ప్రాసిక్యూషన్’ (1957) రెండు రసాలనూ కలిపింది. చార్లెస్ లాటన్ లాయరు పాత్ర నర్సు కన్నుగప్పి బ్రాందీ తాగుతూనే సాక్షులను చీల్చి చెండాడుతుంది. ‘ఆడమ్స్ రిబ్’ (1949)లో ప్రాసిక్యూటర్ భర్త, డిఫెన్సు లాయరు భార్య. కోర్టులో మొదలైన వాదన ఇంట్లోనూ ఆగదు. స్పెన్సర్ ట్రేసీ, కాథరిన్ హెప్‌బర్న్‌ల జోడీ కోసమే చూడొచ్చు. న్యాయ ప్రక్రియ అందులో సాకు మాత్రమే.

ప్రక్రియను నిజంగా పట్టుకున్న హాస్యచిత్రం జొనాథన్ లిన్ ‘మై కజిన్ విన్నీ’ (1992). పదేపదే పరీక్ష తప్పి లాయరైన విన్నీ అలబామాలో హత్యకేసు చేపడతాడు. తాను టిఫిను వండటం మొదలుపెట్టినప్పుడు కుర్రాళ్లు దుకాణంలోకి వెళ్లారని, అయిదు నిమిషాల్లో తుపాకీ పేలిందని ఒక సాక్షి చెబుతాడు. వండింది గ్రిట్స్, అంటే మొక్కజొన్న రవ్వ. అది ఉడకడానికి ఇరవై నిమిషాలు పడుతుందని అంతకుముందే హోటల్లో టిఫిను తింటూ తెలుసుకున్న విన్నీ, ఆ లెక్కతోనే సాక్ష్యాన్ని కూల్చేస్తాడు. నవ్వు కోసం వేసినట్టున్న సన్నివేశమే తర్వాత ఆధారమైంది. విన్నీకి కాబోయే భార్యను నిపుణ సాక్షిగా ఒప్పుకోనన్న ప్రాసిక్యూటర్, కార్ల గురించి మెలికల ప్రశ్న వేసి, ఆమె జవాబుకు తానే తలొగ్గుతాడు. మరిసా టోమేకు ఆస్కార్ తెచ్చిన పాత్ర ఇది.

అమెరికా లా కాలేజీల్లో క్రాస్ ఎగ్జామినేషన్ నేర్పడానికి ఈ చిత్రంలోని ఘట్టాలను చూపిస్తుంటారు. చట్టాన్ని చూపిన తీరులో ‘12 యాంగ్రీ మెన్’ కన్నా విన్నీయే నమ్మదగినవాడు.