పాచిక ఎంచిన మాటలు

2025 మే నెలాఖరులో ఫిల్మ్‌నగర్‌లో ఒక హార్డ్‌డిస్క్ మాయమైంది. మంచు విష్ణు ‘కన్నప్ప’ తాలూకు డిస్క్ అది. ముంబయి నుంచి కొరియర్‌లో వస్తే, అందుకున్న ఆఫీస్‌బాయ్ దాన్ని ఇంకొకరి చేతిలో పెట్టాడన్నది ఫిల్మ్‌నగర్ పోలీసులకు అందిన ఫిర్యాదు. సినిమా విడుదల చూస్తే జూన్ 27. ఆ హడావిడిలో విష్ణు అన్న మాట నాకు గుర్తుండిపోయింది: డిస్క్‌కి పాస్‌వర్డ్ ఉంది, 99 శాతం తెరవలేరు అని.

నెలరోజుల్లో విడుదల పెట్టుకున్న మనిషి ధైర్యం కోసం అనుకునే అంకె అది, దాన్ని తప్పుపట్టను. కాకపోతే ఆ శాతం డిస్క్‌లో ఉండదు. పాస్‌వర్డ్ ఎవరు పెట్టారు, ఎలా పెట్టారు, ఇంకెవరెవరికి చెప్పారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. 2013లో ‘అత్తారింటికి దారేది’ విడుదలకు ముందే బయటికొచ్చి, సెప్టెంబరు 27నే హడావిడిగా థియేటర్లకు రావాల్సి వచ్చింది. పోలీసులు చెప్పిన దాని ప్రకారం అప్పుడెవరూ తాళం పగలగొట్టలేదు. కాపీ లోపలి మనిషి చేతి మీదుగానే వెళ్లింది.

ఎలా పెట్టారన్నది ఎంత పెద్ద విషయమో ఏటీఎం పిన్ చూస్తే తెలుస్తుంది. నాలుగంకెల పిన్‌లు మొత్తం పదివేలు. దొంగకి మూడు అవకాశాలిచ్చారనుకోండి, గుడ్డిగా కొడితే తగిలేది పదివేలకు మూడు. 2012లో డేటాజెనెటిక్స్ అనే సంస్థ, అప్పటికే బయటపడిన పాస్‌వర్డ్‌ల జాబితాల్లోంచి నాలుగంకెలవి 34 లక్షలు ఏరి లెక్కపెట్టింది. దాదాపు 11 శాతం మంది 1234 పెట్టుకున్నారు. దానికి 1111, 0000 కూడా కలిపితే 18 శాతం దాటింది. అంటే ఆ దొంగకి పదివేలకు మూడు కాదు, పదివేలకు 1,800 పైచిలుకు. పిన్‌లన్నీ సమానంగా వాడతారనుకుంటేనే మొదటి లెక్క నిజం. మనం అలా వాడం.

ఆ జాబితాలో 9999ది పదకొండో స్థానం. అన్నీ సమానమైతే రావాల్సిన దానికి సుమారు 45 రెట్లు వచ్చింది. ఇది మా జూబ్లీహిల్స్ వాళ్లకి వింతేం కాదు. ఖైరతాబాద్ ఆర్టీఏ వేలంలో ఆ నంబరు లక్షలు పలుకుతుంది. 2021లో జూనియర్ ఎన్టీఆర్ తన కారుకి 9999 కోసం 17 లక్షలు పెట్టారని పత్రికలన్నీ రాశాయి. బండి నంబరంటే నలుగురూ చూడాలనే కదా కొనుక్కునేది. చిక్కల్లా అదే అంకెని ఫోన్‌కీ, లాకర్‌కీ పెట్టుకున్నప్పుడే. ముహూర్తం, టైటిల్‌లో అక్షరాలు, కొబ్బరికాయ కొట్టే చెయ్యి, అన్నీ చూసి ఎంచుకునే పేట ఇది. ఇలాంటిచోట ఏ ఇష్టమూ లేకుండా ఒక మాట పెట్టుకోమంటే మనసు ఒప్పదు. పెళ్లిరోజో, పిల్లల పేరో, ఇంటిదేవుడో, అభిమాన హీరో పేరూ హిట్టయిన సంవత్సరమో వచ్చి కూర్చుంటాయి. పేరులో అదనంగా ఒక అక్షరం ఇరికించే న్యూమరాలజీ మాత్రం ఇక్కడ కాస్త పనికొస్తుంది, సినిమా పోస్టరు మీద వేయనంత కాలం.

పెద్ద అక్షరం ఉండాలి, అంకె ఉండాలి, గుర్తు ఉండాలి అనే నిబంధనలు మనసుని దారి మళ్లించలేదు. మొదటి అక్షరం పెద్దది, చివర @123, ఇంకేముంది. 2003లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ కోసం ఆ సలహాలు రాసిన బిల్ బర్, అవి చాలావరకు పొరపాటేనని 2017లో ఒప్పుకున్నాడు. అదే ఏడాది నిస్ట్ కూడా వాటిని పక్కన పెట్టింది. మూడు నెలలకోసారి మార్చమన్న చోట 123 కాస్తా 124 అవుతుంది. నార్త్ కరోలినా యూనివర్సిటీ వాళ్లు 2010లో పాత పాస్‌వర్డ్‌ని చేతిలో పెట్టుకుని ప్రయత్నిస్తే, 41 శాతం కొత్తవి క్షణాల్లో దొరికిపోయాయి.

అందుకే నేను పాచికలు పట్టాను. పద్ధతి నాది కాదు, ఆర్నాల్డ్ రైన్‌హోల్డ్ 1995లో చెప్పిన డైస్‌వేర్. ఆయన జాబితాలో 7,776 మాటలు, ఒక్కో మాటకి పాచిక అయిదుసార్లు వేయాలి. నాకంత ఓపిక లేదు. 216 తెలుగు మాటలు నోటుపుస్తకంలో రాసుకుని, మాటకి మూడేసిసార్లు వేస్తాను. చెంబు, నిచ్చెన, గోంగూర, తువ్వాలు లాంటి మాటలు. ఎనిమిది మాటలు వరసగా వస్తే అదే పాస్‌వర్డ్. ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి కాబట్టి దీర్ఘానికి ఒక ‘ఏ’నా రెండా అన్నది ముందే తేల్చుకోవాలి, లేకపోతే మన తాళం మనకే పడదు. సెకనుకి వంద కోట్ల ఊహలు చేసే యంత్రం ఉందనుకుందాం. ఎనిమిది చిన్న ఇంగ్లీషు అక్షరాల కలయికలన్నీ అది మూడున్నర నిమిషాల్లో తిరగేస్తుంది. నా జాబితా, నా పద్ధతి దాని చేతికిచ్చినా ఎనిమిది మాటల వరసలన్నీ తిరగేయడానికి 150 ఏళ్లు పడుతుంది.

ఇదంతా చెప్పి, ఇక్కడే ఎడిటింగ్ చేసుకునే ఒక మిత్రుడి చేత వేయించాను. మూడో మాటగా ‘బూడిద’ పడింది. “అన్నా, రిలీజ్ ముందు ఇదేంటన్నా!” అని మళ్లీ వేయబోతే ఆపాను. నచ్చేదాకా వేస్తూ పోతే ఎంచుకునేది మళ్లీ మనసే. అయితే అతని మాటనీ కొట్టిపారేయలేదు, శకునానికి కూడా లెక్క ఉంది కదా. జాబితాలోంచి నచ్చని 16 మాటలు కొట్టేసి 200తోనే వేస్తే 150 ఏళ్లు కాస్తా 81కి దిగుతాయి. వాటి చోట వేరే 16 రాసుకుంటే ఏ నష్టమూ లేదు, అది పాచిక వేయకముందే జరగాలి, అంతే. ఆ సాయంత్రం బూడిద, ఏడుపు, అప్పు వగైరాలు పోయి కాజా, కొబ్బరి, పూతరేకు వచ్చాయి. మళ్లీ మొదటి నుంచి వేశాడు. ఈసారి ‘చీపురు’ పడింది, దానికి అభ్యంతరం చెప్పలేదు.