వెనక్కి తిప్పితేనే కనబడే పిట్ట

అరకు రోడ్డు మీద పొడవాటి లెన్స్‌తో నిలబడితే చుట్టూ చేరినవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "ఎంత దూరం లాగుద్దండీ ఇది?" ఎంత వెనక్కి వస్తుందని మాత్రం ఎవరూ అడగరు. అనంతగిరి, తైడా, గాలికొండ చుట్టుపక్కల పిట్టల ఫోటోలు తీసేవాళ్లకి రోజూ అక్కరకొచ్చేది ఆ రెండో గుణమే.

లెక్క చిన్నది. ఫుల్ ఫ్రేమ్ కెమెరాకి 150-600 మిల్లీమీటర్ల జూమ్ లెన్స్ తగిలించి, 600 దగ్గర పెట్టి, పది మీటర్ల దూరంలో ఉన్న కొమ్మని చూడండి. మనకి దొరికే కిటికీ వెడల్పు 60 సెంటీమీటర్లు, ఎత్తు 40. క్రాప్ సెన్సర్ అయితే వెడల్పే 40కి పడిపోతుంది. పిట్ట ఒక్క గెంతు గెంతితే ఫ్రేమ్‌లో ఆకులే మిగులుతాయి. కంటికి ఎదురుగా కూర్చున్న పిట్ట కెమెరాలో దొరక్క అటూ ఇటూ ఊపుతూ వెతుక్కోవడం కొత్తవాళ్లందరికీ ఎదురయ్యేదే. అదే లెన్స్‌ని 150కి తిప్పితే కిటికీ 2.4 మీటర్లకి విచ్చుకుంటుంది. ముందు పిట్టని అందులోకి తెచ్చుకోవాలి, ఫోకస్ పట్టించాలి, ఆ తర్వాత రింగు తిప్పుకుంటూ దగ్గరికి పోవాలి. నడిచేటప్పుడు కూడా లెన్స్‌ని 250, 300 మధ్య ఉంచుకోవడం మేలు. 600 దగ్గరే బిగించి తిరిగేవాళ్లకి ఎక్కువగా దొరికేవి ఖాళీ కొమ్మలే.

ఈ అడవి తీరు కూడా అలాంటిదే. ఇక్కడ పిట్టలు మైదానంలోలాగా దూరాన బారులు తీరవు. కాఫీ తోటల్లో పైన సిల్వర్ ఓక్ చెట్లు, వాటి మొదళ్లకి అల్లుకున్న మిరియాల తీగలు, కింద మనిషి నడవడానికి చాలీచాలని సందుతో కాఫీ మొక్కలు. చలికాలం పొద్దున అంతా నిశ్శబ్దంగా ఉన్న తోటలోకి ఉన్నట్టుండి రకరకాల పిట్టలు కలిసిన గుంపు దిగుతుంది. మినివెట్లు పైకొమ్మల్లో, నట్‌హాచ్ బెరడు మీద తలకిందులుగా, తల వెనక నల్లటి మచ్చతో నీలంగా మెరిసే మోనార్క్ మధ్య కొమ్మల్లో, వాటిని కనిపెట్టుకుని తోక చివర రెండు ఈకలు వేలాడేసుకున్న డ్రాంగో. ఒకటి ఐదు మీటర్లలో ఉంటే ఇంకొకటి ఇరవై ఐదు మీటర్లలో ఉంటుంది. గుంపు కాసేపట్లో దాటిపోతుంది. 600 ఫిక్స్‌డ్ లెన్స్ ఉన్నవాడు ఆ కాసేపూ వెనక్కి నడవడానికి చోటు వెతుక్కుంటూ ఉంటాడు.

అలాగని ఫిక్స్‌డ్ లెన్స్‌కి పేరు ఊరికే రాలేదు. 600 ఎఫ్ 4 లెన్స్ ముందు అద్దం 150 మిల్లీమీటర్ల పైమాటే. జూమ్‌లో 600 దగ్గర ఎఫ్ 6.3 కాబట్టి 95 మిల్లీమీటర్లతో సరిపెడతారు. ఆ తేడాకి వెలుతురు రెండున్నర రెట్లు తగ్గుతుంది. ధర ఇంకా ఎక్కువ తగ్గుతుంది: అక్కడ పది లక్షలు దాటితే ఇక్కడ లక్ష రూపాయల చుట్టుపక్కల. బరువు రెండు కిలోలు, రోజంతా భుజాన మోసుకుని కొండెక్కగలిగినంత. 2013 చివర్లో టామ్రాన్ ఈ కొలత లెన్స్ తెచ్చింది, మరుసటి ఏడాది సిగ్మా వచ్చింది. జీతం డబ్బుతో పిట్టల ఫోటోలు తీసే ఉద్యోగులు, టీచర్లు, ఇంజినీరింగ్ కుర్రాళ్లు మన కొండల్లో కనబడడానికి నా దృష్టిలో అసలు కారణం అదే.

తగ్గిన వెలుతురుకి బదులు చెల్లించాల్సింది మన చేతులూ ఓపికా. 600కి షట్టర్ 1/600 ఉండాలన్నది పాత సూత్రం. లెన్స్‌లోని స్టెబిలైజర్ మన చేతి వణుకుని సర్దుతుంది గనక 1/125కి దిగినా కొమ్మ స్పష్టంగానే వస్తుంది. పిట్ట తల తిప్పడాన్ని మాత్రం ఏ స్టెబిలైజరూ ఆపలేదు. దానికి 1/250 అయినా కావాలి, చురుకైన పిట్టకి 1/1000. నీడలో అందుకు ఐఎస్ఓ 3200, ఒక్కోసారి 6400 దాకా పెంచాలి. ఫోటోలో గరుకు వస్తుందని భయపడి షట్టర్ తగ్గించేవాళ్లని చూస్తుంటాను. గరుకుని కంప్యూటర్లో కొంత నునుపు చేయొచ్చు, కదిలిపోయిన కన్నుని ఎవరూ బాగుచేయలేరు.

ఫోకస్ లోతు మరీ పిసినారిది. పది మీటర్లలో 600, ఎఫ్ 6.3 దగ్గర స్పష్టంగా వచ్చేది పది సెంటీమీటర్ల మందమే. ఐదు మీటర్లకి వస్తే రెండున్నర సెంటీమీటర్లు. ముక్కు దొరికి కన్ను జారిపోతుంది. అడ్డంగా ఒక కాఫీ ఆకు ఉంటే ఆటోఫోకస్ దాన్నే పట్టుకుని వేలాడుతుంది. అందుకే ఒకే ఫోకస్ బిందువు పెట్టుకుని, లెన్స్ పక్కన ఉండే దూరం పరిమితి మీటని వాడుకోవాలి. మంచులోనూ ఇదే తిప్పలు. జనవరిలో లోయంతా తెల్లగా కప్పుకున్నప్పుడు పట్టుకోవడానికి గీత దొరక్క లెన్స్ ముందుకీ వెనక్కీ కొట్టుకుంటుంది. పిట్ట ఉన్నంత దూరంలోనే ఉన్న చెట్టు మానుమీద ఫోకస్ చేసుకుని అక్కణ్నుంచి పక్కకి జరగడం ఒక దారి.

ఈ లెన్స్‌కి తగిన పిట్ట మలబార్ ట్రోగన్. మగదానికి ఎర్రటి పొట్ట, నల్లటి తల, మధ్య తెల్లటి గీత. అంత రంగు పెట్టుకుని కూడా కనబడదు, ఎందుకంటే మనిషిని పసిగట్టగానే గోధుమరంగు వీపు మనవైపు తిప్పి నీడలో కొమ్మమీద బిగుసుకుపోతుంది. అంత కదలకుండా కూర్చుంటుంది కాబట్టి 1/60లో కూడా తీయొచ్చు, లెన్స్‌ని ఒక చెట్టుకి ఆనించగలిగితే. వీపే తీసుకుని వచ్చేయండి. పొట్ట చూపించాలని చుట్టూ తిరిగి వెళ్తే ఎగిరిపోతుంది, అంతకు మించి ఏమీ జరగదు.

ట్రోగన్ పడమటి కనుమల పిట్టగా పేరుపడినా మన తూర్పు కనుమల్లోనూ ఉంటుంది. ఈ అనంతగిరి కొండల్లోనే తుప్పల కింద తిరిగే అబ్బాట్స్ బాబ్లర్ అనే పిట్ట బంధువులేమో ఈశాన్య రాష్ట్రాల్లో, హిమాలయాల తూర్పు పాదాల దగ్గర, ఆగ్నేయాసియాలో ఉన్నాయి. మధ్యలో వందల కిలోమీటర్ల ఖాళీ. 1930లలో పక్షి శాస్త్రజ్ఞులు విస్లర్, కినియర్ ప్రచురించిన వెర్నే పక్షుల సర్వే కాలానికి తూర్పు కనుమల పిట్టల్ని లెక్కించడమంటే తుపాకీతో కొట్టి తోలు భద్రపరచడమే. 1970లలో విశాఖపట్నం పక్షి శాస్త్రజ్ఞుడు కె.ఎస్.ఆర్. కృష్ణరాజు, మరో పక్షి పరిశోధకుడు ట్రెవర్ ప్రైస్‌తో కలిసి ఈ కొండల్లో పిట్టల్ని ఓపిగ్గా అధ్యయనం చేశాడు. ఇక్కడి బాబ్లర్ వేరే ఉపజాతి అని 1985లో డిల్లన్ రిప్లీ, బ్రూస్ బీలర్ వర్ణించినప్పుడు దానికి కృష్ణరాజు పేరే పెట్టారు.

ఇవాళ ఒక పిట్ట ఫలానా కొండమీద ఉందని చెప్పడానికి ప్రాణం తీయక్కర్లేదు. తేదీ, చోటు రాసిపెట్టిన స్పష్టమైన ఫోటోని ఈబర్డ్ లాంటి పక్షుల నమోదు వెబ్‌సైట్లో పెడితే అది సాక్ష్యం. మళ్లీ రింగు వెనక్కి తిప్పాల్సింది ఇక్కడే. ఈకలు లెక్కపెట్టగలిగే దగ్గరి ఫోటో పిట్ట ఏదో చెబుతుంది. 200 దగ్గర తీసిన రెండో ఫోటో అది కాఫీ తోటలో ఉందా, వెదురు పొదలో ఉందా, పోడు కొట్టి వదిలేసిన తుప్పల్లో ఉందా అని చెబుతుంది. అందాల పోటీకి మొదటిది, అడవి గురించి తెలుసుకోవాలంటే రెండోది. నన్నడిగితే రెండోదే విలువైనది, లైకులు రావు అంతే.

పిట్టని చూపించేది మాత్రం చాలాసార్లు లెన్స్ కాదు. "పైకి కాదు సార్, కింద తుప్పలోన" అని వెంట వచ్చిన ఊరి కుర్రాడు వేలు చూపించేదాకా మన కళ్లు కొమ్మల్లోనే తిరుగుతాయి. చైత్రంలో ఇటుకల పండగకి మగవాళ్లు వేటకి వెళ్లే ఆనవాయితీ ఉన్న ఊళ్లివి. ఉండేలుతో తిరిగిన చెవికి ఏ కూత ఎంత ఎత్తు నుంచి వస్తుందో తెలుసు. అలాంటివాళ్లకి రోజు కూలీ సరిగ్గా ఇచ్చి వెంట తీసుకెళ్లడం లెన్స్ మీద ఇంకో లక్ష పెట్టడం కన్నా మంచి ఖర్చు. కూత రికార్డింగు ఫోన్లో పదే పదే మోగించి పిట్టని రప్పించే పని మాత్రం వద్దు. తన హద్దులోకి ఇంకో మగపిట్ట వచ్చిందనుకుని అది మేత మానుకుని తిరుగుతుంది. గూడు దగ్గర ఎంత పొడవు లెన్స్ ఉన్నా చాలదు. పిట్ట కూత మార్చినా, మనవైపే చూస్తున్నా దూరం చాలలేదన్నమాటే.

లెన్సులన్నీ ఇక్కడికి నవంబరులో వలిసెల పూలకోసం వచ్చి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో బూరుగు, మోదుగు పూలు రాలగానే వెళ్లిపోతాయి. పసుపు రంగు వలిసెల చేను వెనక పెట్టుకుని గింజల మీద వాలిన మునియాని తీయడం తేలికే. బూరుగు కొమ్మమీద ఆకాశం వెనకున్న పిట్ట నల్లగా రాకుండా ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ పెంచితే చాలు. వానాకాలంలో ఏ పిట్ట పిల్లలకి ఏం తినిపిస్తోందో చెప్పే ఫోటోలు మాత్రం చాలా తక్కువ. జులైలో అనంతగిరి ఎక్కాలంటే లెన్స్‌కి వానతొడుగు, కింద ఆనించడానికి ఇసక నింపిన గుడ్డసంచి, మూత బిగుసుకునే డబ్బాలో సిలికా జెల్ కావాలి. తడిసిన లెన్స్‌ని రాత్రికి సంచిలోనే మూసి ఉంచితే అద్దాల మధ్య బూజు పడుతుంది. బయట పెట్టి, తుడిచి, ఆరాకే డబ్బాలో పెట్టుకోవాలి.