ఇరవై అంకెల చంపకమాల

చదరంగం మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు. ఇలా 64 గళ్లూ రెట్టింపు చేస్తూ పోతే మొత్తం 18446744073709551615 గింజలు. 11వ శతాబ్దంలో పావులూరి మల్లన ఈ ఇరవై అంకెలనూ ఒక్క చంపకమాలలో పొదిగాడు. మహావీరాచార్యుడి సంస్కృత గణిత గ్రంథాన్ని తెలుగు చేసిన కవి ఆయనే.

అప్పటికే తెలుగు పద్యం రాటుదేలి ఉంది. కరీంనగర్ జిల్లా కుర్క్యాల బొమ్మలమ్మ గుట్టపై కన్నడ కవి పంపని తమ్ముడు జినవల్లభుడు 10వ శతాబ్దంలో చెక్కించిన శాసనంలో చక్కని తెలుగు కందాలున్నాయి. నిలిచిపోవాల్సిన మాటకు ఛందస్సే తగిన కట్టు అని ఆ రాయి చెబుతుంది. మల్లన ఆ కట్టులో అంకెలను బిగించాడు.

ఆయన పనితనం చూడండి. అంకెలకు బదులు వాటిని సూచించే మాటలు వాడాడు. చంద్రుడంటే ఒకటి, బాణాలంటే అయిదు, కొండలంటే ఏడు, ఆకాశమంటే సున్న. ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి ఎడమకు నడవాలి. ఈ సంఖ్యలో నాలుగు నాలుగుసార్లు వస్తుంది. రెండుచోట్ల సముద్రం వేర్వేరు పేర్లతో, ఒకచోట వేదం, ఇంకోచోట బ్రహ్మ ముఖాలు దాన్ని చెబుతాయి. అంకె ఒకటే అయినా గణం ఎక్కడ ఏ మాట కోరితే అక్కడ ఆ మాట. ఇక ప్రాస! ఏడుకు వాడిన ‘భూధర’నూ, ఎనిమిదికి వాడిన ‘కుంజర’నూ పాదం చివర విరిచాడు. మిగిలిన భాగం తరువాతి పాదానికి వెళ్లి, అందులోని రేఫ సరిగ్గా ప్రాసస్థానంలో కూర్చుంది. ఎంత నేర్పు!

సంఖ్య నిర్మాణం కూడా అంతే అందం. రెండును వర్గం చేస్తూ పోతే 4, 16, 256, 65536, 4294967296. దీన్ని మరోసారి వర్గం చేసి ఒకటి తీసేస్తే మన సంఖ్య. అందుకే 2తో మొదలైన ఆ ఆరు మెట్లకూ ఒక్కొక్కటి కలిపితే వచ్చే 3, 5, 17, 257, 65537, 4294967297 దాని కారణాంకాలు. ఇవన్నీ ఫెర్మా సంఖ్యలు. ఇలాంటివన్నీ ప్రధాన సంఖ్యలేనని గణితవేత్త ఫెర్మా నమ్మాడు. చివరిది 641, 6700417ల లబ్ధమని 1732లో మరో గణితవేత్త ఆయిలర్ తేల్చాడు.

ఈ కారణాంకాల్లో 17 ఈ పద్యానికి మంచి కాపలాదారు. తాటాకు మీద రాసేవాడు తడబడి ఏ ఒక్క అంకె మార్చినా, 17తో భాగిస్తే శేషం మిగిలి తీరుతుంది. మాట జారితే గణం పట్టిస్తుంది, అంకె మారితే కారణాంకం పట్టిస్తుంది. బడుల్లో ఈ పద్యాన్ని తెలుగు పంతులు, లెక్కల పంతులు కలిసి ఒకే పాఠంగా చెప్పాలి. పిల్లలు విడదీసి, గుణించి, సరిచూసుకోగల పద్యం ఇది.